ఇన్‌ఛార్జి కోచ్ ఖాతాలో ఏముంది?

బడిలో హెడ్మాస్టరు బదిలీ అయి, కొత్తవారు రావడం ఆలస్యమైతే సీనియర్ టీచరును ఇన్‌ఛార్జిగా కూర్చోబెడతారు. సంతకం ఆయనదే, మాటపడేదీ ఆయనే. కానీ గోడకు సున్నం వేయించాలన్నా పైవాళ్ల కాగితం కోసం చూడాలి. అసలాయన రేపో మాపో వస్తాడని అటెండరుకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బులో తాత్కాలిక కోచ్ పరిస్థితి కూడా అంతే. ఆయన రికార్డు మీద అభిమానులు వాదించుకునేటప్పుడు మాత్రం ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. పట్టికలో పాయింట్లు చూస్తారు, మంచివాడనో పనికిరాడనో తేల్చేస్తారు.

తెలుగువాళ్లకు ఈ వాదన సొంతమైంది హైదరాబాద్ ఎఫ్‌సీ వల్ల. 2024 డిసెంబరు 18న ఆ క్లబ్ హెడ్ కోచ్ తంగ్‌బోయ్ సింగ్టోను పంపించి, సిబ్బందిలోనే ఉన్న మలయాళీ శిక్షకుడు షమీల్ చెంబకత్‌కు జట్టును అప్పగించింది. అప్పటికి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్‌లో 13 మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయి. ఆ పదమూడింట్లో ఆయన ఏం చేశాడు, దాన్ని దేనితో పోల్చాలి, అలాంటి మనిషికి తర్వాత పెద్ద కుర్చీ ఇవ్వవచ్చా అన్న ప్రశ్నలు అక్కణ్నుంచి మొదలయ్యాయి. వాటికి ఖాలిద్ జమీల్, క్లిఫర్డ్ మిరాండా, మాంచెస్టర్ యునైటెడ్ సోల్‌షార్ కథలన్నీ కలిసి చిక్కుపడ్డాయి. ఆ చిక్కును పోగు పోగుగా విడదీయడానికే ఈ వ్యాసం.

గచ్చిబౌలిలో రెండుసార్లు

గోదావరి జిల్లాల్లో క్రికెట్‌కు ఉన్నంత మంది ఫుట్‌బాల్‌కు లేరు. ఉన్నవాళ్లకు మాత్రం 2019 ఆగస్టులో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీయే ఇంటి జట్టుగా ఉండేది. కాకినాడలో సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాజమండ్రి మీదుగా తెల్లారేసరికి లింగంపల్లి. అక్కణ్నుంచి గచ్చిబౌలి ఎంతో దూరం లేదు. ఆ జట్టు ఆడిన స్టేడియం పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. అమలాపురం ఎంపీగా ఉండి లోక్‌సభ స్పీకరైన కోనసీమ బిడ్డ బాలయోగి 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆయన పేరున్న మైదానంలో ఆడిన జట్టును డెల్టా జనం తమదనుకోవడంలో వింత లేదు.

ఆ జట్టు మొదటి సీజన్‌లోనే తాత్కాలిక కోచ్ అంటే ఏమిటో చూసింది. తొలి కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బ్రౌన్. ఆయన పెద్ద కోచ్ అయింది కూడా ఇన్‌ఛార్జి దారిలోనే. 2006 డిసెంబరులో హల్ సిటీలో కోచ్‌ను తీసేస్తే తాత్కాలికంగా కూర్చున్నాడు, నెల తిరిగేసరికి పర్మనెంట్ అయ్యాడు, 2008లో ఆ జట్టును ప్రీమియర్ లీగ్‌కు ఎక్కించాడు. హైదరాబాద్‌లో మాత్రం 12 మ్యాచ్‌లకు ఒక గెలుపు, రెండు డ్రాలు, 5 పాయింట్లు. 2020 జనవరిలో ఆయన్ను తప్పించారు. మిగిలిన 6 మ్యాచ్‌లు సహాయక సిబ్బంది నడిపించారు. అందులోనూ ఒక గెలుపు, రెండు డ్రాలు, 5 పాయింట్లే. పాయింట్లు అవే, మ్యాచ్‌లు సగం. జట్టు 10 పాయింట్లతో అట్టడుగున పదో స్థానంలో నిలిచింది.

రెండోసారి 2024లో. సింగ్టో ఆ సీజన్‌లో 11 మ్యాచ్‌లు నడిపి రెండు గెలుపులు, ఒక డ్రాతో 7 పాయింట్లు తెచ్చాడు. షమీల్ 13 మ్యాచ్‌ల్లో రెండు గెలుపులు, ఐదు డ్రాలతో 11 తెచ్చాడు. మొత్తం 18 పాయింట్లు, పదమూడు జట్లలో పన్నెండో స్థానం.

సగటు తీస్తే వింతగా ఉంటుంది. ఫిల్ బ్రౌన్ కాలంలో మ్యాచ్‌కు 0.42 పాయింటు, తర్వాత వచ్చిన తాత్కాలికుల కాలంలో 0.83. సింగ్టో 0.64, షమీల్ 0.85. రెండుసార్లూ కుర్చీ మారగానే అంకె పెరిగింది. తాత్కాలిక కోచ్‌ను వెనకేసుకొచ్చేవాళ్ల వాదమంతా ఈ నాలుగు అంకెల మీదే నిలబడి ఉంది.

ఫలితమే ముఖ్యమనేవాళ్లు

వీళ్ల మాటలో న్యాయముంది. సీజన్ మధ్యలో దిగినవాడికి సన్నాహక శిబిరం లేదు, తనకు కావలసిన ఆటగాణ్ని తెచ్చుకునే వీలు లేదు, డ్రెస్సింగ్ రూములో అందరూ తలకాయలు వేలాడేసుకుని ఉంటారు. అలాంటి చోట కూడా పాయింట్లు పెరిగాయంటే అది కోచ్ చేతి చలవ కాక మరేమిటి అంటారు. షమీల్ మొదటి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ చేతిలో 5-2తో ఓడిన జట్టే తర్వాత ఈస్ట్ బెంగాల్, గోవా, బెంగళూరు జట్లతో 1-1 డ్రాలు చేసుకుంది. జంషెడ్‌పూర్‌ను 3-2తో ఓడించింది. ఇది పట్టు దొరికిన జట్టు చేసే పని అని వాళ్ల నమ్మకం. ఆ డ్రాలు చూసినవాళ్లు వాటిని తేలిగ్గా తీసిపారేయలేరు కూడా. అంతకు కొన్ని వారాల ముందే ఒడిశా చేతిలో 6-0తో చిత్తయిన జట్టు అది.

అయితే అంకెను కొంచెం కదిపి చూడాలి. జంషెడ్‌పూర్ మీద ఆ ఒక్క గెలుపు ఓటమిగా మారి ఉంటే షమీల్ ఖాతాలో 13 మ్యాచ్‌లకు 8 పాయింట్లు, అంటే సగటు 0.62. తీసేసిన సింగ్టో కంటే తక్కువ. 2020లోనూ ఇదే కథ. చివరి మ్యాచ్‌లో గౌహతిలో నార్త్‌ఈస్ట్ మీద 5-1తో గెలిచారు. అది పక్కన పెడితే మిగిలిన అయిదు మ్యాచ్‌ల సగటు 0.40, ఫిల్ బ్రౌన్ సగటుకు కిందే. ఒక్క మ్యాచ్, ఒక్క గోలు అటో ఇటో అయితే తలకిందులయ్యే తేడా మీద ఒక మనిషి సమర్థతను తూకం వేయడం నాకు సరి అనిపించదు. ఆ మనిషిని పొగడటానికైనా, తెగడటానికైనా.

వరద తీసినట్టే

రెండో వర్గం వాదం ఈ అనుమానం దగ్గరే మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ తర్వాత రెండు మూడు రోజులకు గోదారి తీస్తుంది. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇంజనీరు తీయించాడని డెల్టాలో ఎవరూ అనరు. అంత ఎత్తుకు పోయిన నీరు దిగక తప్పదని తెలుసు కనుక. కోచ్‌ను ఎప్పుడు తీసేస్తారు? వరుసగా ఓడిపోయి జట్టు తన మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయినప్పుడు. అక్కణ్నుంచి కుర్చీలో ఎవరున్నా జట్టు కొంత పైకి రావడమే సహజం. ఆ పైకి రావడాన్ని కొత్తాయన పేరున రాసేస్తున్నాం అంటారు వీళ్లు.

దీన్ని వట్టి తర్కంగా వదిలేయలేదు. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ 1986 నుంచి 2004 దాకా డచ్ లీగ్‌లో కోచ్‌లను తీసేసిన సందర్భాలన్నీ లెక్కగట్టాడు. తీసేశాక జట్ల ఆట మెరుగైన మాట నిజమే. కానీ అలాంటి దశలోనే ఉండి కోచ్‌ను మార్చని జట్ల ఆట కూడా అదే తీరుగా మెరుగైంది. మార్చడం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందంటూ ఏమీ కనిపించలేదు.

ఈ వాదానికి మన దేశంలో దొరికే అతి పెద్ద సాక్ష్యం ఖాలిద్ జమీల్. 2020-21 సీజన్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ కోచ్ జెరార్డ్ నుస్ 11 మ్యాచ్‌లకు 12 పాయింట్లతో ఉండగా 2021 జనవరిలో ఆయన్ను తీసి సహాయకుడు జమీల్‌కు పగ్గాలిచ్చారు. మిగిలిన 9 లీగ్ మ్యాచ్‌ల్లో ఆరు గెలిచి మూడు డ్రా చేసుకున్నాడు, 21 పాయింట్లు. ఒక్కటీ ఓడలేదు. ఐఎస్‌ఎల్ జట్టును ప్లేఆఫ్‌కు చేర్చిన మొదటి భారతీయ కోచ్ అయ్యాడు. సెమీఫైనల్ తొలి అంచె కూడా డ్రానే. రెండో అంచెలో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో ఓడాడు. ఆ బలంతోనే 2021 అక్టోబరులో ఆయన్ను పూర్తిస్థాయి హెడ్ కోచ్‌గా పెట్టారు. ఐఎస్‌ఎల్‌లో ఆ గౌరవం దక్కిన తొలి భారతీయుడు. తర్వాతి సీజన్‌లో 20 మ్యాచ్‌లకు 14 పాయింట్లు, పదో స్థానం. మ్యాచ్‌కు 2.33 దగ్గర ఎగసిన సగటు 0.70కి దిగింది.

ఈ రెండో వర్గంవాళ్లు ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. కానీ వాళ్ల లెక్కలోనూ ఒక కన్నం ఉంది. జట్టు మామూలు స్థాయికి వచ్చిందనే అనుకుందాం. ఆ మామూలు స్థాయి ఏది? 2021 జనవరిలో బెంగళూరు నుంచి వచ్చిన డెషోర్న్ బ్రౌన్ ముందుండి గోల్స్ కొట్టాడు. 2021 వేసవిలో నడిమైదానానికి వెన్నెముకైన అపుయా ముంబై సిటీకి వెళ్లిపోయాడు. జమీల్ రెండు సీజన్లలో నడిపింది ఒకే జట్టు కాదు. గోదారికి మామూలు మట్టం ఉంటుంది కానీ, ఎగువన ఏ సీలేరు నీళ్లు ఎంత వదిలారన్నది కూడా చూడాలిగా.

ఏమిచ్చి అడిగారు?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

హైదరాబాద్ కథను నాలుగేళ్లు వెనక్కి తీసుకువెళ్దాం. 2020 ఆగస్టులో వచ్చిన స్పెయిన్ కోచ్ మానోలో మార్క్వెజ్ కింద జట్టు తొలి ఏడాది అయిదో స్థానం, తర్వాత రెండేళ్లూ రెండో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. బార్తొలొమ్యూ ఓగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే, దాదాపు ఖాళీ స్టేడియాల్లోనే నడిచాయి. గచ్చిబౌలి పక్కింటివాడూ, అమలాపురంలో టీవీ ముందు కూర్చున్నవాడూ ఆ జట్టును ఒకే దూరం నుంచి చూశారు.

2022-23లో ఆ జట్టు 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లు తెచ్చింది. తర్వాత మానోలో గోవాకు వెళ్లాడు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగ్టోకు బాధ్యత వచ్చింది. 2023-24లో 22 మ్యాచ్‌లు, ఒక గెలుపు, అయిదు డ్రాలు, 8 పాయింట్లు. సగటు 2.10 నుంచి 0.36కి పడింది. అంకె మాత్రమే చూసేవాడికి ఇది ఒక మనిషి చేతకానితనంగా కనిపిస్తుంది. లోపల జరిగింది వేరు. జీతాల బకాయిలు పేరుకున్నాయి. బకాయిల కేసుల్లో కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2024 జనవరి నాటికి విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి బ్రెజిల్‌కు చెందిన జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. అనుభవమున్న భారత ఆటగాళ్లు కూడా చాలామంది వేరే క్లబ్బుల దారి పట్టారు. మిగిలిన ఆటల్లో ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా నిండని కుర్రాళ్లను పెద్ద జట్ల మీదికి పంపాల్సి వచ్చింది. సామాన్లు లేని వంటింట్లో వంటవాణ్ని నిలబెట్టి రుచి అడిగినట్టు.

2024-25 సీజన్ ముందు క్లబ్ బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. హడావుడిగానైనా ఒక జట్టు సమకూడింది. కోచ్ మారలేదు, అదే సింగ్టో. ఆయన 11 మ్యాచ్‌ల సగటు 0.64.

ఇప్పుడు రెండు తేడాలను పక్కపక్కన పెట్టి చూడండి. కోచ్ అదే ఉండి ఆటగాళ్లు మారినప్పుడు సగటు 0.36 నుంచి 0.64కి వెళ్లింది, పెరుగుదల 0.28. ఆటగాళ్లు దాదాపు వాళ్లే ఉండి కోచ్ మారినప్పుడు 0.64 నుంచి 0.85కి వెళ్లింది, పెరుగుదల 0.21. షమీల్‌ను ఆకాశానికెత్తడానికి వాడిన అంకె కంటే, ఎవరూ పట్టించుకోని సింగ్టో అంకె పెద్దది. ఇందులో ఏదీ గణితశాస్త్ర నిరూపణ కాదు, మ్యాచ్‌లు అంతకు సరిపోవు. కానీ వాదన ఎటు తిరగాలో చెబుతుంది. జీతం అందని ఆటగాడి దగ్గర కోచ్ ఏ మాట చెల్లుతుంది? రేపు ఉంటాడో ఊడతాడో తెలియని కోచ్ మాటకు ఆటగాడు ఎంత విలువిస్తాడు? రికార్డు పట్టికలో ఈ రెండింటికీ గడి లేదు.

వనరులే కీలకమనే ఈ వాదానికి ఎదురు వచ్చే అభ్యంతరం కూడా బలమైనదే. వనరులు లేవన్న సాకు ఒప్పుకుంటే ఏ కోచ్ తప్పూ ఎప్పటికీ తప్పుగా తేలదు. ఉన్న ఆటగాళ్లతో ఏ వ్యూహం ఆడించాడు, ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌ను చివర్లో ఎన్నిసార్లు జారవిడిచాడు, మార్పులు ఎప్పుడు చేశాడు అన్నవి కోచ్ చేతిలోనే ఉన్నాయి కదా? ఉన్నాయి. అందుకే వాటిని విడిగా చూడాలి. ఒడిశా చేతిలో ఆరు గోల్స్ తిన్న రోజు బాధ్యత పూర్తిగా యాజమాన్యానిదే అంటే నేనూ ఒప్పుకోను.

గెలిచినా కుర్చీ రాని మనిషి

భవిష్యత్తు మాటకొస్తే అందరూ ఖాలిద్ జమీల్ పేరే ఎత్తుతారు. నాకు మాత్రం గోవా మనిషి క్లిఫర్డ్ మిరాండా కథ ఇంకా పెద్ద పాఠంగా కనిపిస్తుంది.

2020 ఆరంభంలో ఎఫ్‌సీ గోవా కోచ్ సెర్గియో లోబెరాను తప్పించింది. లీగ్‌లో మూడు మ్యాచ్‌లే ఉన్నాయి. సహాయక సిబ్బందిలోని మిరాండా పగ్గాలు పట్టాడు. హైదరాబాద్ మీద 4-1, ముంబై మీద 5-2, జంషెడ్‌పూర్ మీద 5-0. మూడు మ్యాచ్‌లు, పద్నాలుగు గోల్స్, లీగ్ షీల్డు, దానితో పాటు ఏఎఫ్‌సీ చాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు చేరిన తొలి భారతీయ క్లబ్ అన్న ఘనత. సెమీఫైనల్లో చెన్నైయిన్ చేతిలో రెండు అంచెలు కలిపి 6-5తో ఓడారు. తర్వాత పెద్ద కుర్చీ స్పెయిన్‌కు చెందిన హువాన్ ఫెరాండోకు ఇచ్చారు.

మూడేళ్ల తర్వాత ఒడిశాలో మళ్లీ అదే పని. జోసెప్ గోంబౌ వెళ్లిపోయాక తాత్కాలిక కోచ్‌గా వచ్చిన మిరాండా 2023 ఏప్రిల్ 25న కోజికోడ్‌లో బెంగళూరును 2-1తో ఓడించి సూపర్ కప్ గెలిపించాడు. ఒడిశా ఎఫ్‌సీకి అదే మొదటి పెద్ద కప్పు. నెల తిరగకుండా కొత్త కోచ్‌ను ప్రకటించారు. వచ్చినవాడు సెర్గియో లోబెరా. గోవాలో ఎవరి కుర్చీలో మిరాండా కూర్చున్నాడో, ఒడిశాలో ఆయనకే కుర్చీ అప్పగించి లేచాడు.

ఇక్కడ ఫలితమే ముఖ్యమన్నవాళ్ల వాదం కాలు విరుగుతుంది. ఫలితమే కొలబద్ద అయితే మిరాండా రెండుసార్లూ నెగ్గాడు. అయినా రెండుసార్లూ క్లబ్బులు ఆ ఫలితాన్ని ఆయన పేరున రాయలేదు, తయారుగా దొరికిన జట్టు పేరున రాశాయి. ఓడితే కోచ్ తప్పు, గెలిస్తే జట్టు గొప్ప. ఇన్‌ఛార్జికి రెండు వైపులా నష్టమే రాసే ఖాతా పుస్తకం ఇది. విదేశీ కోచ్‌కు ఈ లెక్క వర్తించలేదు.

భారతీయ సహాయక కోచ్‌ను తప్పనిసరిగా పెట్టుకోవాలన్న నిబంధన వల్ల మనవాళ్లు డ్రెస్సింగ్ రూములోకి వచ్చారు. ఏఎఫ్‌సీ ప్రో లైసెన్సులు సంపాదించారు. అందువల్లే అత్యవసరమైనప్పుడు చేతికి దొరికేదీ వాళ్లే. కానీ ఆ వాకిలి చాలాకాలం సీజన్ మధ్యలో మాత్రమే తెరుచుకుంది. వేసవిలో, జట్టును కట్టుకునే కాలంలో, మూసుకుపోయేది. తాత్కాలిక కోచ్‌లను సమర్థించేవాళ్లలో ఒక పాయ వాళ్లు అడిగేది దీని గురించే. ఒక మనిషి భవిష్యత్తును తేల్చాలంటే ముందు ఆయనకు ఒక్క పూర్తి వేసవి ఇవ్వండి అంటారు. ఈ మాటకు సరైన జవాబు నాకు ఇంతవరకు కనబడలేదు. అలా కాలం దొరికిన కోచ్ ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడి పంతులు 1950లో కోచ్ అయ్యాడు. వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. జాతీయ జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చాడు. 1963లో క్యాన్సర్‌తో పోయేదాకా ఆయన చేతిలో కాలం ఉంది. కోచ్‌కు కాలం ఇస్తే ఏమవుతుందో ప్రపంచంలో ఎవరికంటే ముందు హైదరాబాద్‌కే తెలుసు.

మిరాండాకు తర్వాత చెన్నైయిన్ 2025లో పూర్తిస్థాయి బాధ్యత ఇచ్చింది. జమీల్ దారి ఇంకా మెలికలు తిరిగింది. నార్త్‌ఈస్ట్‌లో దెబ్బతిన్నాక 2023 డిసెంబరులో జంషెడ్‌పూర్‌కు వచ్చాడు. ఆ జట్టును 2024-25లో ఐఎస్‌ఎల్ సెమీఫైనల్‌కు, సూపర్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. షమీల్ 3-2తో ఓడించింది ఈ జమీల్ జట్టునే. ఒకప్పటి ఇన్‌ఛార్జిని అప్పటి ఇన్‌ఛార్జి ఓడించిన రోజది. 2025 ఆగస్టు 1న జమీల్‌ను భారత జట్టు కోచ్‌గా ప్రకటించారు. 2012లో సావియో మెదీరా తర్వాత ఆ పదవిలోకి వచ్చిన భారతీయుడు ఆయనే. ఆయన కంటే ముందు ఆ కుర్చీలో ఉన్నది హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మానోలోనే. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపుతో మానోలో తప్పుకున్నాడు.

జమీల్ కింద జట్టు సెప్టెంబరులో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి సీఏఎఫ్‌ఏ నేషన్స్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. అక్టోబరు 14న మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్ ఆశ పోగొట్టుకుంది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడింది. మొదట ఒక మెరుపు, వెనకాలే ఒక మసక. 2021 నాటి పాత కథే మళ్లీ అని కొందరు, నాలుగు నెలల్లో ఏం తేల్చుతారని ఇంకొందరు.

బయటి సాక్ష్యాలు ఎంతవరకు?

విదేశీ ఉదాహరణలు ఎవరికి కావలసినవి వాళ్లు ఏరుకుంటారు. చెల్సీలో రొబెర్తో డి మాతెయో 2012 మార్చిలో తాత్కాలికంగా వచ్చి మే నెలలో ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ రెండూ గెలిచాడు. పర్మనెంట్ చేసి, నవంబరు 21న తీసేశారు. సోల్‌షార్ మాంచెస్టర్ యునైటెడ్‌కు 2018 డిసెంబరులో వచ్చి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచి, 2019 మార్చి 28న పూర్తిస్థాయి కోచ్ అయ్యాడు. ఒకసారి లీగ్‌లో రెండో స్థానం, ఒకసారి యూరోపా లీగ్ ఫైనల్లో ఓటమి, 2021లో అదే నవంబరు 21న ఉద్వాసన. ఇవి ఒక పక్క.

మరో పక్క హాన్సీ ఫ్లిక్ 2019 నవంబరులో బాయర్న్‌కు తాత్కాలికంగా వచ్చి 2020లో మూడు పెద్ద కప్పులూ ఎత్తాడు. లియోనెల్ స్కలోని 2018లో అర్జెంటీనాకు తాత్కాలికమే. తర్వాత 2021, 2024 కోపా అమెరికాలు, మధ్యలో 2022 ప్రపంచ కప్. డెల్ బోస్కె రియల్ మాడ్రిడ్‌లో రెండుసార్లు తాత్కాలికంగా కూర్చుని లేచి, 1999లో మూడోసారి వచ్చి నిలదొక్కుకున్నాడు. ఇక బ్లాక్‌బర్న్‌లో టోనీ పార్క్స్ ఆరుసార్లు ఇన్‌ఛార్జిగా ఉన్నాడు, ఆ దారిలో అది కూడా ఒక జీవితమే.

వీటి నుంచి మన చర్చకు పనికొచ్చేది ఒకటుంది. నిలబడినవాళ్లలో ఫ్లిక్ చేతిలో ఉన్నది యూరప్‌లోకెల్లా బలమైన జట్లలో ఒకటి. స్కలోనికి ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని రెండు మూడేళ్ల వ్యవధి దొరికింది. పడినవాళ్లు మొదటి కొన్ని నెలల సగటుతో తమను తాము పోటీ పెట్టుకోవాల్సి వచ్చినవాళ్లు. ఇన్‌ఛార్జి కాలం ఎంత బాగా గడిస్తే తర్వాతి కాలానికి అంత కఠినమైన కొలత తయారవుతుంది. జమీల్‌కు నార్త్‌ఈస్ట్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

తేలనివి

ఎన్ని మ్యాచ్‌లుంటే కోచ్ రికార్డును నమ్మవచ్చన్న దానిపై ఒప్పుదల లేదు. పదమూడు చాలవని పైన చూశాం. కానీ 2024-25లో మన లీగ్ సీజన్ మొత్తమే ఇరవై నాలుగు. ప్రీమియర్ లీగ్‌లో ముప్ఫయ్యెనిమిది మ్యాచ్‌లకు వేసే కొలత ఇక్కడ వేయలేం. ఐఎస్‌ఎల్ క్లబ్బులు ఏటా సగం జట్టును మార్చుకుంటుంటే ఒకే ఆటగాళ్లతో ఇద్దరు కోచ్‌లను పోల్చే అవకాశం కూడా అరుదు.

తాత్కాలిక నియామకానికి ఒక గడువు, ఆ గడువులో కనీసం ఒక బదిలీల కాలం, జీతాల హామీ ఉండాలా అన్నది ఇంకా ఎవరూ గట్టిగా పట్టుకోని అంశం. అభిమానులు కోచ్ పేరు మీద చూపిన వేడిలో పదో వంతు బకాయిల మీద చూపి ఉంటే హైదరాబాద్ కథ ఎలా ఉండేదో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

షమీల్ సామర్థ్యమేమిటన్న అసలు ప్రశ్నకు మంచి జవాబు ఒక్క చోటే దొరికేది: అదే జట్టుతో, అదే మైదానంలో, వేసవి సన్నాహంతో మొదలయ్యే మరో సీజన్‌లో. ఆ సీజన్ రాలేదు. 2025 అక్టోబరులో క్లబ్ దేశ రాజధానికి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గౌతమి ఎక్స్‌ప్రెస్ రోజూ లింగంపల్లికి వెళ్తూనే ఉంది. బాలయోగి స్టేడియం తన చోట తాను ఉంది. రెండు గెలుపులు, ఐదు డ్రాలు, ఆరు ఓటములు మాత్రం ఇప్పుడు లేని ఒక జట్టు పట్టికలో, పక్కన పెట్టి పోల్చడానికి మరో వరుస లేకుండా మిగిలాయి.